నీలం, బంగారం, గృహం: విస్లర్ ‘నెమలి గది’లో కుడ్యవర్ణ ఔచిత్యం

వ్యాససంగ్రహం:

ఇంటి లోపలి గోడలకు ముదురు, చల్లని నీలం వేయడాన్ని గురించిన చర్చ సాధారణంగా ‘గది ఇరుకుగా కనిపిస్తుందా, విశాలంగా కనిపిస్తుందా’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఆ ప్రశ్న అసంపూర్ణమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. 1876-77 సంవత్సరాలలో లండన్‌లోని ఒక నౌకావ్యాపారి భోజనశాలలో జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ చిత్రించిన ‘నెమలి గది’ని ప్రధాన ఆకరంగా తీసుకొని, ముదురు నీలం గోడకు ఔచిత్యం ఏ అంశాలపై ఆధారపడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గోడ ముందు నిలిచే వస్తువు, గదిని వాడే వేళ, గదిలో నివసించేవారి సమ్మతి అనే మూడింటిని ప్రమాణాలుగా ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: నీలం, కుడ్యవర్ణం, విస్లర్, నెమలి గది, ఔచిత్యం, రసం, గృహాలంకరణ.

1. ఉపోద్ఘాతం:

చిత్రపటాన్ని చూడడానికి మనం దాని దగ్గరకు వెళతాం. చూడడం ముగిశాక పక్కకు తప్పుకుంటాం. ఇంటి గోడ అలాంటిది కాదు. దానిని ఎవరూ పనిగట్టుకొని చూడరు, అయినా రోజంతా అది కంటి అంచున ఉంటుంది. అన్నం తినేటప్పుడు, జబ్బుపడి పడుకున్నప్పుడు, మాట పట్టింపులు వచ్చినప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. అందువల్ల కుడ్యవర్ణాన్ని కేవలం అందం అనే గీటురాయి మీద పరీక్షించడం చాలదు. ఆ రంగు ఎవరితో, దేనితో, ఏ వెలుగులో కలిసి బ్రతకవలసి ఉన్నదో కూడా విచారించాలి.

ముదురు నీలం విషయంలో ఈ విచారణ మరింత అవసరం. లేతరంగులు గదిలోని వస్తువులకు దారి ఇచ్చి వెనుకకు తగ్గుతాయి. పొరపాటున ఎంచుకున్నా పెద్దగా బాధించవు. ముదురు నీలం అలా కాదు. అది గది స్వభావాన్నే మార్చగలదు. ఈ శక్తిని దాని పరాకాష్ఠలో చూపే గృహాంతర్భాగం విస్లర్ నెమలి గది. చిత్రకళాచరిత్రలో దానికి గొప్ప స్థానం ఉంది. అయితే దానిని చిత్రంగా పొగిడేవారు అది ఒక కుటుంబం అన్నం తిన్న గది అన్న సంగతిని వెనుకకు నెడతారు. ఈ వ్యాసం ఆ సంగతి నుండే మొదలవుతుంది.

2. ‘నీలం’ అనే మాట పరిధి:

పరిశీలనకు ముందు మన భాషలో నీలం అంటే ఏమిటో తేల్చుకోవాలి. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు అనేవి తెలుగు మాటలు. నీలం సంస్కృతం నుండి వచ్చినది. అది తెలుగులో నలుపుకు పొరుగున నివసిస్తుంది. నల్లని జుట్టు గల స్త్రీని నీలవేణి అంటాం. వానకారు మబ్బు నీలమేఘమే. ఈ ప్రయోగాలలో నీలం వర్ణపటంలోని ఒక బిందువు కాదు, వెలుగు తగ్గుతూ నలుపులోకి జారే ఒక ప్రాంతం. ముదురు నీలం గోడ సాయంకాలానికి నల్లగా మారుతుందని నేటి ఇల్లాలు గమనించే విషయాన్ని మన కవిసమయం ఎప్పుడో పదంలోనే పొదిగింది.

మరొక మాట ‘నెమలికంఠం’. చీరల దుకాణంలో ఈ మాట అనగానే ఏ రంగో ఎవరికీ వివరించనక్కరలేదు. నీలానికి, ఆకుపచ్చకు నడుమ నిలిచి, కదిలినప్పుడల్లా ఒకదాని నుండి మరొకదానికి మారే రంగు అది. పడుగు ఒక రంగుగా, పేక మరొక రంగుగా నేసిన పట్టులో ఈ మార్పు సాధ్యమవుతుంది. నెమలి మెడలోని నీలం కూడా రంగు పదార్థం వల్ల పుట్టినది కాదు. ఈకల సూక్ష్మనిర్మాణం మీద వెలుగు పడే తీరు వల్ల కలిగేది. అమరకోశం నెమలికి చెప్పిన పేర్లలో నీలకంఠం ఒకటి. అంటే మన సంప్రదాయంలో ఈ నీలం ఎప్పుడూ కదలికతో, వెలుగుతో ముడిపడినది. దానిని కదలని గోడ మీదికి తేవడమే విస్లర్ చేసిన సాహసం.

‘చల్లని రంగు’ అన్న మాట చిత్రకళా పరిభాషలో శీతవర్ణానికి అనువాదంగా వాడుకలోకి వచ్చింది. కానీ ‘కంటికి చలువ’ అన్నది మన పలుకుబడి. చలువ అంటే ఊరట. చల్లదనం శరీరానికి సంబంధించినది, చలువ మనసుకు కూడా చెందినది. ఒక నీలం చల్లగా ఉండి కూడా చలువ చేయకపోవచ్చు. నెమలి గది విషయంలో ఈ భేదం ఉపకరిస్తుంది.

3. గది పూర్వరూపం – జెకిల్ ప్రణాళిక:

ఫ్రెడరిక్ రిచర్డ్స్ లేలండ్ (1831-1892) లివర్‌పూల్‌కు చెందిన నౌకావ్యాపారి. లండన్ ప్రిన్సెస్ గేట్‌లోని 49వ నంబరు ఇంటిని తన సంపదకు, అభిరుచికి తగినట్టు తీర్చిదిద్దించుకున్నాడు. అందులో భోజనశాల రూపకల్పనను థామస్ జెకిల్ (1827-1881) అనే వాస్తుశిల్పికి అప్పగించాడు. గది పొడవు దాదాపు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లకు పైగా. లేలండ్ సేకరించిన తెలుపు-నీలం చైనా పింగాణీ పాత్రలను ఉంచడం ఈ గది ముఖ్యోద్దేశం.

జెకిల్ గోడలకు పూలతో అలంకరించిన పాతకాలపు బంగారుపూత తోలును తాపడం చేయించాడు. దాని ముందు అక్రోటు కొయ్యతో సన్నని నిలువు కమ్మీల అరలను అల్లించాడు. పైకప్పు నుండి గ్యాస్ దీపాలు వేలాడదీశాడు. నిప్పుగూడుకు పైన విస్లర్ 1863-65 మధ్య గీసిన ‘పింగాణీ దేశపు రాకుమారి’ చిత్రాన్ని ఉంచారు. జెకిల్ ఆలోచన సులభగ్రాహ్యం. తోలు వెచ్చని పసుపు-గోధుమ ఛాయలో ఉన్నది. దాని ముందు నిలిపిన చల్లని నీలం పాత్రలు వాటంతట అవే స్ఫుటంగా కనిపిస్తాయి. ఇందులో గోడ ఆధారం, పాత్ర ఆధేయం. నీలం గోడ మీద లేదు, పాత్రల మీద ఉన్నది. అది కొద్దిగా ఉండడమే దాని విలువ.

నెమలి గది చరిత్ర చెప్పేటప్పుడు జెకిల్ పేరు ఒక ప్రస్తావనగా మిగిలిపోతున్నది. కానీ విస్లర్ తుడిచివేసినది ఖాళీ గోడను కాదు, సుస్పష్టమైన వర్ణతర్కం గల ఒక రచనను. విమర్శకునికి ఈ విషయం గుర్తుండాలి.

4. విస్లర్ జోక్యం:

జెకిల్ అస్వస్థుడై పని నుండి తప్పుకున్నాడు. అదే ఇంట్లో మెట్ల హాలు అలంకరణలో ఉన్న విస్లర్ భోజనశాల వైపు దృష్టి మళ్లించాడు. తోలు మీది ఎర్రని పూలు తన రాకుమారి చిత్రపు రంగులకు భంగం కలిగిస్తున్నాయని, వాటికి కొద్దిగా పసుపు తాకిస్తానని చెప్పాడు. లేలండ్ అందుకు సమ్మతించి లివర్‌పూల్ వెళ్లాడు. ఆయన ఇచ్చిన సమ్మతి అంతవరకే.

యజమాని లేని ఇంట్లో పని పెరిగింది. పైకప్పుకు లోహపు రేకు అద్ది, దాని మీద నెమలి ఈకల నమూనా వేశాడు. అక్రోటు అరలకు బంగారు పూత పూశాడు. కిటికీ తలుపుల లోపలి వైపు పురివిప్పిన, తోకలు జార్చిన నెమళ్లను బంగారు రంగులో చిత్రించాడు. పని సాగుతుండగానే ఇంటికి సందర్శకులను రప్పించుకున్నాడు. చివరకు 2000 గినీల పారితోషికం అడిగాడు. తాను కోరని పనికి అంత ఇవ్వడానికి లేలండ్ ఒప్పుకోలేదు. సగం ఇచ్చాడు, అది కూడా గినీలలో కాక 1000 పౌండ్లుగా. ఒక గినీ 21 షిల్లింగులు, ఒక పౌండు 20 షిల్లింగులు. కళాకారులకు, వృత్తినిపుణులకు గినీలలోను, పనివారికి, వర్తకులకు పౌండ్లలోను చెల్లించే ఆనాటి మర్యాద తెలిసిన విస్లర్‌కు తగ్గిన 50 పౌండ్ల కన్నా మాటున ఉన్న అవమానం ఎక్కువ తగిలింది.

నీలం ఇక్కడ ప్రవేశించింది. సొమ్ము చేతికి వచ్చిన తరువాత విస్లర్ ఆ విలువైన తోలు మొత్తం మీద ప్రష్యన్ నీలం పూశాడు. 18వ శతాబ్ది తొలి దశకంలో బెర్లిన్‌లో పుట్టిన ఈ కృత్రిమ వర్ణకం సహజంగానే ఆకుపచ్చ వైపు మొగ్గే ముదురు, చల్లని నీలం. కొద్దిపాటి పరిమాణం కూడా ఇతర రంగులను ముంచెత్తగలదు. రాకుమారి చిత్రానికి ఎదుటి గోడ మీద పోట్లాడుకుంటున్న రెండు నెమళ్లను బంగారంతో చిత్రించాడు. ఒక నెమలి కాళ్ల దగ్గర నాణేలు పడి ఉంటాయి. దాని మెడ మీది వెండి ఈకలు లేలండ్ తొడిగే కుచ్చుల చొక్కాను స్ఫురింపజేస్తాయి. రెండవ నెమలి తలమీది వెండి ఈక విస్లర్ జుట్టులోని తెల్లపాయకు గుర్తు. ఆ చిత్రానికి ‘కళ, ధనం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. గది మొత్తానికి ‘నీలం, బంగారాల సమన్వయం: నెమలి గది’ అని నామకరణం చేశాడు. 1877 మార్చి నాటికి పని ముగిసింది.

గమనించదగిన సంగతి ఒకటున్నది. విస్లర్ రాత్రి దృశ్యచిత్రాలకు ‘నాక్టర్న్’ అనే సంగీతపు పేరును సూచించినవాడు పియానో వాయించే అభిరుచి గల లేలండే. నీలం-బంగారాల మేళవింపును విస్లర్ అంతకుముందే థేమ్స్ నది రాత్రులలో సాధన చేసి ఉన్నాడు. అంటే ఈ గదిలోని నీలం కేవలం కోపంలో చల్లిన రంగు కాదు. కోపం సందర్భం ఇచ్చింది, అభ్యాసం రూపం ఇచ్చింది. ఈ రెండింటిలో ఏ ఒక్కదానితోనో గదిని వివరించే ప్రయత్నాలు సగం సత్యాలే.

5. నీలం మీద నీలం – వర్ణవిమర్శ:

ముదురు రంగులు గదిని ఇరుకు చేస్తాయన్నది లోకంలో పాతుకున్న అభిప్రాయం. గొయ్థే 1810లో వెలువరించిన వర్ణసిద్ధాంత గ్రంథంలో నీలం గురించి దాదాపు ఇందుకు విరుద్ధంగా చెప్పాడు. నీలం చూపరి నుండి వెనుకకు జరుగుతున్నట్టు తోస్తుందని, శుద్ధ నీలం తాపడం చేసిన గదులు కొంత విశాలంగా కనిపించినా శూన్యంగా, చల్లగా ఉంటాయని ఆయన పరిశీలన. నెమలి గది ఆ రెండవ లోపాన్ని ఎలా ఎదుర్కొన్నదో చూస్తే విస్లర్ ప్రతిభ తెలుస్తుంది. శూన్యాన్ని బంగారంతో నింపాడు. బంగారం వెచ్చనిది, నీలానికి దాదాపు ఎదురుగా నిలిచే వర్ణం. పక్కపక్కన ఉంచిన రెండు వర్ణాలు ఒకదాని భేదాన్ని మరొకటి పెంచుతాయని 1839లో షెవ్రూల్ ప్రతిపాదించిన నియమం ఇక్కడ గోడంతా పనిచేస్తుంది.

రెండవ సంగతి వెలుగు. ఇది భోజనశాల, అందులోనూ అతిథులతో రాత్రి విందులు జరిగే గది. కిటికీ తలుపులు మూస్తేనే వాటి మీది నెమళ్లు పూర్తిగా కనిపిస్తాయి. అంటే పగటి వెలుగును బయట ఉంచినప్పుడే ఈ చిత్రం సంపూర్ణమవుతుంది. గ్యాస్ దీపం వెలుగు పసుపుపచ్చనిది. అందులో నీలపు భాగం తక్కువ. ఆ వెలుగులో ముదురు నీలం తన రంగును కోల్పోయి నలుపు వైపు జారుతుంది. బంగారం మాత్రం దీపాన్ని అందుకొని మెరుస్తుంది. గోడ మాయమై గీతలు మిగులుతాయి. మన ‘నీలం’ అన్న మాటలోని నల్లని అంచు ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. పగలు చల్లగా తోచే గోడ రాత్రి చలువ చేసే అవకాశం ఉన్నది ఈ మార్పులోనే.

ఇంతవరకు గది గెలిచింది. ఓడినచోటు పాత్రల దగ్గర ఉన్నది. తెలుపు-నీలం పింగాణీని వెచ్చని తోలు ముందు ఉంచినప్పుడు గదిలో నీలం అన్నది ఆ పాత్రల సొత్తు. గోడ నీలం కాగానే ఆ సొత్తు గోడది అయింది. నిజమే, ముదురు నేపథ్యం మీద పింగాణీ తెలుపు మరింత తళుక్కుమంటుంది. కానీ ఆ పాత్రల గొప్పతనం తెలుపులో మాత్రమే లేదు. తెలుపు మీద కుంచె నడచిన నీలపు గీతలో ఉన్నది. చుట్టూ అంతకన్నా ఎక్కువ నీలం, అంతకన్నా పెద్ద నెమళ్లు ఉన్నప్పుడు ఆ గీతను దగ్గరకు వెళ్లి చూడాలన్న కోరిక ఎవరికి కలుగుతుంది? పాత్రలు గదికి అలంకారాలయ్యాయి, గది పాత్రలకు నెలవు కావడం మానివేసింది.

11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని వివరిస్తూ మొలనూలును మెడలోను, హారాన్ని నడుముకు ధరించినవారు నవ్వులపాలవుతారన్నాడు. నగ మంచిదే, ఒళ్లు మంచిదే, చోటు తప్పింది. నెమలి గదిలోని నీలం ఇలాంటి నగ. దాని నాణ్యతలో దోషం లేదు. తెలుపు-నీలం పాత్రల వెనుక నిలబడడమే దోషం.

6. రసదృష్టితో కలహచిత్రం:

భరతుని నాట్యశాస్త్రం రసాలకు వర్ణాలను చెప్పింది. శృంగారానికి శ్యామం, అద్భుతానికి పీతం, బీభత్సానికి నీలం. దీనిని యాంత్రికంగా అన్వయిస్తే నీలం-బంగారాల గది బీభత్సాద్భుతాల కలయిక అనవలసి వస్తుంది. అలాంటి అన్వయం సరికాదు. నాట్యశాస్త్రంలోని వర్ణనియమం రంగస్థల సంకేతం, దానిని ఇంటి గోడకు తాపడం చేయలేం. పైగా శ్యామానికి, నీలానికి నడుమ గీత ఎక్కడ గీయాలో కంటికి అంత సులభంగా తెలియదు. దీపం కాస్త పెద్దదయినా చిన్నదయినా ఒకటి మరొకటిగా తోస్తుంది.

ఇక్కడ ఎక్కువగా పనికివచ్చేది విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం. ఇళ్లలో శృంగార, హాస్య, శాంత రసాల చిత్రాలనే ఉంచాలని, తక్కిన రసాలు దేవాలయాలకు, రాజసభలకు తగినవని అది చెప్పింది. ఇది రంగును గురించిన నియమం కాదు, ఆశ్రయాన్ని గురించిన నియమం. చిత్రం మంచిదా చెడ్డదా అని అడగకుండా, దాని ఎదుట ఎవరు నిత్యం కూర్చుంటారు అని అడుగుతుంది.

లేలండ్ భోజనశాలలో ఒక వైపు రాకుమారి శాంతంగా నిలుచుని ఉంటుంది. ఎదుటి గోడ మీద రెండు నెమళ్లు ఈకలు రేపుకొని తలపడుతుంటాయి. ఒకటి ఇంటి యజమాని, రెండవది అతడు దొడ్డిదారిన పంపివేసిన చిత్రకారుడు. ఆ రెంటి నడుమ కూర్చొని లేలండ్, ఆయన భార్య ఫ్రాన్సిస్, వారి నలుగురు పిల్లలు భోజనం చేయాలి. ఈ కథను చెప్పేవారు దాదాపు ఎప్పుడూ ఇద్దరు పురుషుల పౌరుషంగానే చెబుతారు. బల్ల దగ్గర కూర్చున్న తక్కినవారికి ఆ గోడ ఎలా తోచిందన్నది కథలో భాగం కాలేదు. చిత్రసూత్రం ప్రశ్న వారి తరఫున వేసిన ప్రశ్న. ఆ ప్రశ్నకు విస్లర్ కుడ్యచిత్రం దగ్గర సమాధానం లేదు. సభకు తగిన రౌద్రాన్ని అతడు ఇంట్లో నిలిపాడు.

ఇంతమాత్రాన ఈ వాదం ముగియదు. లేలండ్‌కు ఆ గోడల మీద సున్నం వేయించే అధికారం, స్తోమత రెండూ ఉన్నాయి. 1879లో విస్లర్ దివాలా తీసినప్పుడు ముఖ్యమైన రుణదాతలలో లేలండ్ ఒకడు. ఆ ఏడే విస్లర్ అతనిని పియానో ముందు కూర్చున్న వికృతమైన నెమలిగా మరొక చిత్రంలో గీశాడు. ఇన్ని జరిగినా లేలండ్ ఆ గదిని మార్చలేదు. 1892లో మరణించే వరకు అలాగే ఉంచాడు. మనిషిని ద్వేషిస్తూ అతని నీలాన్ని అట్టిపెట్టుకున్న ఈ 15 ఏళ్లు ముదురు నీలం శక్తికి దొరికే గట్టి సాక్ష్యం. ఔచిత్యదోషాన్ని ఎత్తిచూపే విమర్శకుడు ఈ సాక్ష్యాన్ని దాచకూడదు.

7. పాత్రలు మారిన గది:

లేలండ్ మరణానంతరం ఇల్లు చేతులు మారింది. 1904లో అమెరికాకు చెందిన పారిశ్రామికవేత్త, కళాసేకర్త చార్లెస్ లాంగ్ ఫ్రియర్ ఈ గదిని మొత్తంగా కొని, విడదీయించి, డెట్రాయిట్‌లోని తన ఇంటికి తరలించాడు. 1919లో ఆయన మరణించాక గది వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీకి చేరింది. ఆ గ్యాలరీ 1923లో ప్రజలకు తెరచుకొన్నది.

ఫ్రియర్ తెలుపు-నీలం పాత్రలను అనుసరించలేదు. కొరియా, జపాన్, చైనా, పశ్చిమాసియా దేశాల నుండి తాను సేకరించిన కుండలను, గిన్నెలను ఆ బంగారు అరలలో నిలిపాడు. అవి ఎక్కువగా ఒకే రంగు పూత గలవి. మట్టి ఛాయలు, బూడిద పచ్చలు, గరుకైన ఒళ్లు, శతాబ్దాలపాటు భూమిలో ఉండి మెరుపు తేలిన పూతలు. వాటి మీద పోటీకి వచ్చే నీలపు గీతలు లేవు. నిగనిగలాడే గోడ ముందు గరుకైన కుండ తన గరుకుదనాన్ని కోల్పోలేదు సరికదా, దానివల్లనే నిలబడింది.

జెకిల్ గదికి ఉండిన ఆధార-ఆధేయ సంబంధం ఇక్కడ కొత్త పద్ధతిలో తిరిగి వచ్చింది. అప్పుడు వెచ్చని గోడ, చల్లని పాత్ర. ఇప్పుడు చల్లని గోడ, వెచ్చని పాత్ర. నడుమ కాలంలో ఉన్నది చల్లని గోడ, చల్లని పాత్ర. విస్లర్ గోడలో చుక్క రంగు మారకుండానే దాని ఔచిత్యం మారింది. కాబట్టి దోషం నీలంలో లేదన్న ఈ వ్యాసం వాదానికి గది చరిత్రే ప్రయోగశాల. 2019లో ఇదే గ్యాలరీ అరలలో తిరిగి తెలుపు-నీలం పింగాణీని అమర్చింది. చరిత్రను చూపడానికి అది న్యాయమే. రసాస్వాదనకు మాత్రం ఫ్రియర్ అమరికే మెరుగని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

8. తెలుగిళ్ల గోడలకు అన్వయం:

నెమలి గదికి, తెలుగిళ్లకు చారిత్రక సంబంధం లేదు. కానీ ఆ గది నేర్పే ప్రశ్నలు నేటి తెలుగిళ్లకు అవసరమైనవి. మన ఇళ్లలో నీలం చాలాకాలం కనబడకుండా పనిచేసింది. సంక్రాంతికి ముందు సున్నం వేసేటప్పుడు బకెట్టులో చిటికెడు నీలిమందు కలపడం ఈ వ్యాసకర్త బాల్యంలో చూసిన పని. సున్నపు పసుపుదనాన్ని విరిచి తెలుపును మరింత తెల్లగా చూపడం ఆ నీలం విధి. బట్టలకు కూడా అంతే. ఉతికిన బట్టలను చలువబట్టలనడంలోని చలువకు, చివరి జాడింపులో కలిసే నీలిమందుకు మన వాడుకలో దగ్గరి చుట్టరికం. నీలం ఎక్కువైతే గోడ మీద చారలు తేలేవి, ఇంట్లో పెద్దవాళ్లు కసిరేవారు. అక్కడ నీలం తెలుపుకు పరిచారిక.

నేడు అపార్టుమెంటు హాలులో టీవీ వెనుక గోడకో, పడకగదిలో తలవైపు గోడకో ముదురు నీలం వేస్తున్నారు. రంగుల పుస్తకంలోని బొటనవేలంత ముక్కను చూసి ఎంచుకుంటారు. ఆ ముక్క తెల్లకాగితం మీద, దుకాణపు వెలుగులో ఉంటుంది. ఇంట్లో అది ఎన్నో రెట్లు పెరిగి, మరో వెలుగులో నిలబడుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ తెల్లని దీపం కింద చల్లని నీలం ఉక్కు రేకులా కఠినంగా తోస్తుంది. 2700 నుండి 3000 కెల్విన్ వెచ్చని దీపం కింద అదే నీలం నలుపులోకి మెత్తగా ఒదుగుతుంది. గోడ కన్నా ముందు దీపాన్ని ఎంచుకోవాలన్నమాట. రెండు మూడడుగుల మేర రంగు పూసి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడడం కనీస జాగ్రత్త.

గోడ ముందు ఏమి నిలుస్తుందన్నది రెండవ ప్రశ్న. ఇత్తడి దీపపు సెమ్మె, టేకు బీరువా, వెదురు బుట్ట, ఎర్రమట్టి కూజా, పాత కుటుంబచిత్రాల గోధుమరంగు, ఇవన్నీ వెచ్చనివి. మన ఇళ్లలో సహజంగా ఉండే ఈ వస్తువులకు ముదురు నీలం చక్కని నేపథ్యం కాగలదు. కానీ అదే గోడ ముందు నీలం సోఫా, నీలం తెరలు, ఉక్కు బూడిదరంగు బల్ల వేసి ‘సమన్వయం’ అనుకుంటే లేలండ్ పింగాణీకి పట్టిన గతే వాటికీ పడుతుంది.

మూడవది సమ్మతి. కొన్నేళ్ల క్రితం ఈ వ్యాసకర్త తన ఇంట్లో ఒక గదికి ముదురు నీలం వేయించినప్పుడు పగలంతా ఆ గదిలోనే గడిపే అమ్మమ్మను ఎవరూ అడగలేదు. శుక్లాలు ముదిరిన ఆమె కంటికి నల్లని మంచం అంచు గోడలో కలిసిపోయింది. రెండుసార్లు మోకాలు తగిలాక మంచం అంచుకు ఒక తెల్లని తువ్వాలు కట్టుకుంది. రంగు బాగాలేదని మాత్రం ఆమె అనలేదు. లేలండ్ ఇంటి బల్ల దగ్గర మాట దొరకని మనుషులను గురించి ఆలోచించవలసి వచ్చినది ఆ తువ్వాలు వల్లనే. రంగు ఎంచుకునేవారు ఒకరు, దానితో రోజంతా గడిపేవారు మరొకరు కావడం మన ఇళ్లలో అరుదు కాదు.

9. ముగింపు:

ఈ పరిశీలన నుండి తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

ముదురు, చల్లని నీలం గదిని ఇరుకు చేస్తుందన్న అభిప్రాయం సార్వత్రిక సత్యం కాదు. దాని ప్రభావం వెలుగును బట్టి, పక్కనున్న వర్ణాన్ని బట్టి మారుతుంది. తెలుగులో నీలం అన్న పదానికి నలుపుతో ఉన్న పొత్తు, నెమలికంఠం అన్న పేరులోని చలనశీలత ఈ స్వభావాన్ని గుర్తించడానికి తోడ్పడతాయి.

నెమలి గదిలోని నీలం చిత్రరచనగా ఉత్తమం. తెలుపు-నీలం పాత్రల నేపథ్యంగా అనుచితం. మట్టిఛాయల పాత్రల నేపథ్యంగా ఉచితం. ఒకే గోడకు ఈ మూడు తీర్పులూ చెల్లుతాయి. అందువల్ల కుడ్యవర్ణ ఔచిత్యం వర్ణనిష్ఠం కాదు, సంబంధనిష్ఠం.

గృహం విషయంలో ఔచిత్యవిచారం వస్తువుల దగ్గర ఆగకుండా నివాసుల వరకు వెళ్లాలి. చిత్రసూత్రం ఇళ్లకు మూడు రసాలనే విధించడంలోని విజ్ఞత ఇదే. విస్లర్ లేలండ్‌ను అడగలేదు, లేలండ్ తన ఇంటివారిని అడిగినట్టు కథ చెప్పదు. కళాచరిత్రకు ఆ నిర్లక్ష్యం వల్ల ఒక అపూర్వమైన గది దక్కింది. మామూలు ఇంటికి అలాంటి పరిహారం దొరకదు. అక్కడ గోడకు రంగు వేసే ముందు, ఆ గదిలో ఎక్కువసేపు ఉండేవారిని కూర్చోబెట్టి, రాత్రి దీపం వెలిగించి, ఆ నీలాన్ని వారికి చూపడం మంచిది.